పాకాల పొగమంచులో గొంగడి మనిషి: ఎక్కడ కత్తిరించాలి, ఎంత దిద్దాలి?

పాకాల బాటసారి (ఆదివారం, రాత్రి 8:40)

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవులకు నర్సంపేట వెళ్ళినప్పుడు, కనుమ మరుసటి ఉదయం పాకాల కట్ట దాటి అడవిలోకి తిరిగే బండ్ల బాట మొదట్లో నిలబడి తీసిన ఫోటోను రెండు రూపాలలో జతచేస్తున్నాను. మొదటిది రా ఫైల్‌ను (కెమెరా పట్టిన కాంతిని కుదించకుండా దాచే ఫైల్‌ను) ఏ మార్పూ చేయకుండా జేపెగ్‌గా మార్చినది, రెండవది నేను దిద్దినది. సమయం ఉదయం ఏడుంబావు. 70–200 లెన్స్‌ను 105 మిల్లీమీటర్ల వద్ద ఉంచి, ఎఫ్/8, సెకనులో 30వ వంతు, ఐఎస్ఓ 200తో స్టాండ్ మీద తీశాను. పొగమంచును కెమెరా కాంతి మీటరుకే వదిలేస్తే అది తెలుపును బూడిద రంగుకు దించుతుందని ఇదే వేదికలో ఇంతకు ముందు నేర్చుకున్నందున, మీటరు చూపినదానికంటే మూడింట రెండు స్టాపుల కాంతి ఎక్కువ ఇచ్చాను (ఒక స్టాపు అంటే రెట్టింపు కాంతి).

చిత్రంలో ఎడమవైపు ముదురు టేకు మాను, దానికి ఇంకా ఎడమన అంచు దగ్గర సగం తెగిపోయిన చెదల పుట్ట ఉన్నాయి. నడుమ నుండి బాట మంచులోకి పోయి కుడికి మళ్ళుతుంది. కుడివైపు రెండు సన్నని చెట్లు ఉన్నాయి, వాటిలో ఒకటి కొద్దిగా వంగి ఉంది. పైభాగంలో నాలుగో వంతు వట్టి తెల్లని ఆకాశం, దాని మీద గీతల్లాంటి కొమ్మలు. బాట మలుపులో గొంగడి కప్పుకొని ఒకాయన నిలబడి ఉన్నాడు. తీసేటప్పుడు నేను ఆయనను చూడనే లేదు, ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో పెద్దదిగా చేసి చూసినప్పుడు కనిపించాడు. 6000×4000 పిక్సెళ్ళ చిత్రంలో ఆయన ఎత్తు సుమారు 90 పిక్సెళ్ళు మాత్రమే.

నేను దిద్దిన దానిలో మంచు పొరను తగ్గించే డీహేజ్ 40, వెలుగునీడల తేడాను పెంచే క్లారిటీ 30, రంగులను ముదిర్చే వైబ్రెన్స్ 35 వరకు పెంచాను, చిత్రపు పసుపు–నీలం ఛాయను సర్దే వైట్ బ్యాలెన్స్‌ను 6800కు జరిపాను. చేసేటప్పుడు బాగుందనిపించింది, మరునాడు చూస్తే ఆ ఉదయం నేను నిలబడిన చోటు ఇది కాదనిపించింది. ఎక్కడ తప్పానో చెప్పగలరా? దీనిని 12×15 సైజులో ప్రింట్ వేయించి మా మామగారికి ఇవ్వాలని అనుకుంటున్నాను.

పన్నెండు–ముప్పైఆరు (ఆదివారం, రాత్రి 9:05)

బాటసారి గారూ, మంచి ఉదయం దొరికింది మీకు. నేను కరీంనగర్‌లో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను కనుక నా కన్ను ముందుగా మనిషినే వెతుకుతుంది. ఆ గొంగడాయనే మీ చిత్రానికి కథానాయకుడు. ఆయన చుట్టూ నిలువుగా 4:5 నిష్పత్తిలో గట్టిగా క్రాప్ చేసి, ఎడమవైపు టేకును పూర్తిగా వదిలేయండి. ఇప్పుడు ఎవరు చూసినా ఫోన్‌లోనే చూస్తారు, అరచేతి వెడల్పు తెరమీద 90 పిక్సెళ్ళ మనిషి చీమంత కూడా కనిపించడు. డీహేజ్ వేయడంలో నాకు తప్పేమీ కనిపించడం లేదు, కాస్త ఎక్కువైంది, అంతే.

చీకటిగది (సోమవారం, ఉదయం 6:20)

హనుమకొండలో చాలా ఏళ్ళు స్టూడియో నడిపి ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నవాడిని. ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద ముద్రించే యంత్రం) కింద అరచేతులు అడ్డం పెట్టి ప్రింట్‌లో వెలుగునీడలు సర్దిన తరం మాది. అందువల్ల మీ స్లైడర్ల పేర్లు నాకు అంతగా తెలియకపోయినా అవి చేసే పని తెలుసు.

ముందుగా ఒక మాట. మీరు దిద్దిన తరువాత కత్తిరించాలని చూస్తున్నారు, నేనైతే కత్తిరించిన తరువాతనే దిద్దుతాను. కారణం మీ చిత్రంలోనే ఉంది. పైనున్న తెల్లని పట్టీ చిత్రమంతటిలోకీ వెలుగైన భాగం. అది కంటి ముందు ఉన్నంతసేపు కింది మంచు మురికిగా, చీకటిగా కనిపిస్తుంది, దానిని తేర్చాలని చేయి డీహేజ్ వైపు పోతుంది. ఆ పట్టీని ఒక కాగితంతో కప్పి మీ మొదటి ఫైల్‌ను చూడండి. దిద్దవలసిన అవసరం సగానికి సగం తగ్గిపోతుంది.

ఎక్కడ కత్తిరించాలో తెరమీద తేల్చుకోకండి. ఇంట్లో పాత పెళ్ళి పత్రికల గట్టి అట్ట ఉంటుంది కదా, దాని నుండి వడ్రంగి మూలమట్టం ఆకారంలో రెండు ముక్కలు కోసుకోండి. మామూలు 8×12 ప్రింట్ ఒకటి వేయించి, బల్ల మీద పరచి, ఆ రెండు ముక్కలను ఎదురెదురుగా పెట్టి జరుపుతూ పోండి. తెరమీద గడి గీతలు చూపిస్తే మనం గీతలకు లొంగుతాము, అట్టముక్కలు జరిపేటప్పుడు కన్ను చిత్రానికి లొంగుతుంది. నచ్చిన చోట ఆపి, పొలం గట్టు వెంట నడిచినట్టు నాలుగు అంచుల వెంట చూపును ఒకసారి నడిపించండి. తెగిన కొమ్మ గాని, సగం పుట్ట గాని, మెరిసే రంధ్రం గాని కాలికి తగిలితే గట్టును ఇంకొంచెం లోపలికి జరపాలి.

నేను అలాగే జరిపి చూశాను. ఎడమన పుట్ట పోవాలి, కాని టేకు మాను ఉండాలి. కుడివైపు పొదల నడుమ వెలుగు రంధ్రాలు పోవాలి, కాని సన్నని చెట్లు రెండూ ఉండాలి. ఖిలా వరంగల్‌లో కాకతీయ తోరణాన్ని దూరం నుండి చూస్తే, రెండు స్తంభాల నడుమ ఖాళీలో ఏమున్నదో చూడాలని మనసు లాగుతుంది. మీ టేకూ, కుడివైపు చెట్లూ ఆ స్తంభాల పని చేస్తున్నాయి, నడుమ ఖాళీ మంచుది. టేకును తీసేసి గొంగడాయనను దగ్గరికి లాగితే తోరణం కూలిపోయి మనిషి ఒక్కడే మిగులుతాడు. మీరు ఆయనను ఆలస్యంగా కనుగొన్నారు, చూసేవారికి కూడా ఆ ఆలస్యం దక్కనివ్వండి.

తునికాకు (సోమవారం, ఉదయం 7:50)

నేను తాడ్వాయి వైపు ఉంటాను, అడవి రోజూ చూసేదే. కత్తిరింపు సంగతి పెద్దలు చెప్పారు, నేను రంగు గురించి చెబుతాను. మీరు దిద్దిన రెండవ చిత్రంలోని టేకు ఆకులు నారింజ ఎరుపులోకి పోయాయి. చూడగానే కాశ్మీర్ చినార్ చెట్లు గుర్తుకు వచ్చాయి. పాకాలలో అటువంటి రంగు ఉండదు.

దీనికి కారణం తెలుసుకుంటే దిద్దడం సులువవుతుంది. చలి దేశాలలో చలికాలం రాకముందు పగటి ఎండ, రాత్రి చలి కలిసి ఆకులలో ఎర్రని వర్ణకం పుట్టిస్తాయి. మన అడవి ఆకు రాల్చేది చలికి కాదు, నేలలో తేమ తగ్గిపోవడం వల్ల. అందుకే టేకు ఆకు ముందు పాలిపోయిన పసుపుగా, తరువాత పొగాకు రంగుగా మారి, చివరికి చేటంత ఆకు చిల్లులతో రాలుతుంది. నేల మీద బోర్లా పడినప్పుడు కనిపించే వెనుకవైపు దాదాపు బూడిద రంగులో ఉంటుంది. మన అడవిలో ఎరుపును రాలే ఆకులో గాక వచ్చే చిగురులో వెతకాలి. ఇప్ప చిగురు రాగి రంగులో వస్తుంది, పుసుకు చిగురు వేసవి మొదట్లో మంటలా ఉంటుంది. రాలబోయే ముందు నిజంగా ఎర్రబడే చెట్టు కావాలంటే మన పెరట్లోని బాదం ఉంది. (టేకులో కూడా ఎరుపు దాగి ఉంటుందనుకోండి, లేత ఆకును అరచేతిలో నలిపితే చేయి ఎర్రబడుతుంది, మా పిల్లలకు అదొక ఆట. కాని అది చిత్రంలో కనిపించే రంగు కాదు.)

మరొక చిన్న మాట. మీ ఫైల్ పేరులో ‘శరత్కాలం’ అని పెట్టారు. మన శరత్తు ఆశ్వయుజ కార్తీకాలు. అప్పుడు తంగేడు, గునుగు విరగబూసి బతుకమ్మలోకి వస్తాయి, అడవి పచ్చగా ఉంటుంది. ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాలలో. పుష్యం ముగిసేసరికి టేకు ఆ పనికి ముందుగా దిగుతుంది, మీరు పట్టుకున్నది ఆ తొలిరోజులనే. చెట్టు మీద సగం, నేల మీద సగం ఆకులు ఉండటానికి కారణమదే. దానిని కాశ్మీర్ చేయవద్దని నా మనవి.

పాకాల బాటసారి (సోమవారం, మధ్యాహ్నం 1:15)

చీకటిగది గారూ, తునికాకు గారూ, ధన్యవాదాలు. పైపట్టీని కప్పి చూశాను. మీరు చెప్పినట్టే మంచు ఒక్కసారిగా తేటపడింది. ఆశ్చర్యం వేసింది, కాస్త సిగ్గు కూడా వేసింది. అయితే పన్నెండు–ముప్పైఆరు గారి మాటను తీసివేయలేకపోతున్నాను. నిన్న ఇంట్లో నలుగురికి ఫోన్‌లో చూపిస్తే ముగ్గురు గొంగడాయనను గమనించనే లేదు. మా మామగారు మాత్రం చూడగానే ‘ఎవరాయన, మలుపు కాడ?’ అని అడిగారు. మంచును తీయకుండా ఆయనను కాస్త ముందుకు తేవడానికి దారి ఉందా? చిత్రంలో కుడివైపు కింద పలుచని నీలి పొర ఒకటి కూడా నన్ను ఇబ్బంది పెడుతోంది.

కిరణరేఖ (సోమవారం, రాత్రి 10:30)

మంచిర్యాల నుండి రాస్తున్నాను. మీ రా ఫైల్‌ను దించుకొని డార్క్‌టేబుల్ అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. కొంచెం పొడుగైనా వివరంగా చెబుతాను, ఎందుకంటే డీహేజ్ ఎందుకు తప్పిందో తెలియకపోతే రేపు మరో స్లైడర్‌తో అదే తప్పు జరుగుతుంది.

పొగమంచు అంటే గాలిలో తేలే సన్నని నీటి బిందువులు. అవి అన్ని రంగుల కాంతినీ దాదాపు సమానంగా చెదరగొడతాయి కనుక తెల్లగా కనిపిస్తాయి. వస్తువు ఎంత దూరంలో ఉంటే మనకూ దానికీ నడుమ అంత ఎక్కువ మంచు చేరుతుంది కనుక, దూరం పెరిగిన కొద్దీ నలుపు తేలిపోయి తెలుపుకు దగ్గరవుతుంది. అంటే ఈ చిత్రంలో నలుపు అనేది రంగు మాత్రమే కాదు, దూరాన్ని కొలిచే కొలబద్ద కూడా. నలుపు 0, తెలుపు 255గా ఉండే కొలతలో మీ ఫైల్‌లో ముందున్న టేకు మొదలు సుమారు 35 దగ్గర ఉంది, మలుపు దగ్గరి చెట్లు 130 దగ్గర, వాటి వెనుక ఆనవాలుగా మిగిలినవి 185 దగ్గర ఉన్నాయి. ఈ మెట్లను కన్ను లెక్కపెట్టుకొనే ‘ఇది లోతైన అడవి’ అనుకుంటుంది.

డీహేజ్ చేసే పని సరిగ్గా ఈ మెట్లను చెరపడమే. మంచు లేని చిత్రంలో ఆకాశం తప్ప దాదాపు ఏ చిన్న భాగం తీసుకున్నా ఎరుపు, ఆకుపచ్చ, నీలాలలో ఏదో ఒకటి సున్నాకు దగ్గరగా ఉంటుందనే గమనిక మీద ఆధారపడి, ఎంత మంచు ఉందో అంచనా వేసి తీసివేసే పద్ధతిని 2009లో పరిశోధకులు ప్రచురించారు. దుమ్ము పట్టిన నగర దృశ్యాలకు ఆ తర్కం అద్భుతంగా పనికివస్తుంది. మంచే విషయమైన చిత్రానికి మాత్రం, బియ్యంలో రాళ్ళు ఏరమంటే బియ్యమే ఏరిపారేసినట్టు అవుతుంది. మీ 40 వల్ల 130 దగ్గరి చెట్లు 80కి దిగి, టేకు పక్కనే నిలబడినట్టు ముందుకు వచ్చేశాయి. అడవి లోతు పోయింది, రంగులు కూడా దానితోపాటే ముదిరాయి.

ఇక చేయవలసినది. డీహేజ్, క్లారిటీ రెండూ సున్నాకు తెండి. కర్వ్‌లో (వెలుగునీడలను సర్దే గీతలో) నలుపు వైపు చివరను ముట్టుకోకుండా, 60 దగ్గర కొద్దిగా దించి, 150 దగ్గర పాత చోటే ఉండేలా మరొక చుక్కతో పట్టి ఉంచండి. దీనివల్ల దగ్గరి మాను బరువెక్కుతుంది, మంచు కదలదు. నేల మీది ఆకులకు మాత్రం కింది నుండి పైకి సన్నగిల్లే గ్రేడియంట్ మాస్క్ వేసి, సన్నని వివరాలను పైకి తెచ్చే టెక్స్‌చర్ 15 ఇవ్వండి. మంచు భాగంలో షార్పెనింగ్ అసలు వద్దు, అక్కడ పదును పెట్టడానికి నాయిస్ (చుక్కల్లాంటి గరుకుదనం) తప్ప మరేమీ లేదు.

ఇదంతా రా ఫైల్ మీదనే చేయండి. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి. మీ మంచు 170 నుండి 215 లోపల ఉంది కనుక దానికి దక్కేవి నలభై అయిదు మెట్లు. వాటిని సాగదీస్తే నునుపుగా ఉండవలసిన చోట చారలు పడతాయి. 14 బిట్ల రా ఫైల్‌లో మొత్తం మెట్లు 16,384. ప్రింట్ ముందు కొంచెం గ్రెయిన్ (ఫిల్మ్‌లో ఉండే లాంటి సన్నని గరుకు) కలిపితే మిగిలిన చారలు కూడా కనిపించవు.

నీలి పొర సంగతి: అది మంచు కాదనుకుంటాను. అటువైపు పొలాలలో ఎవరైనా వరి కొయ్యకాళ్ళు కాల్చారా? పొగ రేణువులు మంచు బిందువుల కంటే చాలా చిన్నవి కావడం వల్ల నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి, చీకటి చెట్ల ముందు పలుచని పొగ అందుకే నీలంగా కనిపిస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను 6800కు జరిపి ఆ నీలాన్ని చంపబోయి చిత్రమంతటినీ పసుపు చేశారు. 5400 దగ్గర ఉంచి, ఆ మూలలో మాత్రం బ్రష్‌తో నీలం సాచురేషన్ (రంగు గాఢత) తగ్గిస్తే చాలు. లేదా కత్తిరింపులో ఆ మూల ఎలాగూ పోతుందేమో చూడండి.

తునికాకు (మంగళవారం, ఉదయం 6:45)

పొగే అయి ఉంటుంది. పాకాల ఆయకట్టులో ఇప్పుడు యాసంగి నాట్లకు పొలాలు సిద్ధం చేస్తున్నారు. తెల్లవారుజామున రాజేసిన పొగ మంచు కింద అణగి లేవదు.

పన్నెండు–ముప్పైఆరు (మంగళవారం, ఉదయం 11:10)

నా మాట మీద ఇంత చర్చ జరిగినందుకు సంతోషం, అయినా వెంటనే ఒప్పుకోలేదు. రాత్రి కూర్చొని నేను చెప్పిన క్రాప్ నేనే చేసి చూశాను. మనిషి కాస్తయినా పెద్దగా కనిపించాలంటే 1600×2000కు దిగవలసి వచ్చింది. అంటే 3.2 మెగాపిక్సెళ్ళు, అంగుళానికి 300 పిక్సెళ్ళ లెక్కన 5.3×6.7 అంగుళాల ప్రింట్. 12×15కు లాగితే గొంగడి అంచులు పిండి ముద్దలా అయ్యాయి. మంచులో ఉన్న మనిషికి మొదటే అంచులు మెత్తగా ఉంటాయి, పెద్దది చేస్తే అవి ఫోకస్ తప్పిన అంచులలా కనిపిస్తాయి. ఈ తేడా నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

నా వృత్తి కనుక 12×36 ఆల్బమ్ పేజీ నిష్పత్తిలో అడ్డంగా కూడా ప్రయత్నించాను. 6000×2000 వచ్చింది, మానుల వరుస అందంగా కుదిరింది గాని నేల మీది ఆకులు పోయి చెట్లు గాలిలో తేలాయి. 2:1 మెరుగ్గా ఉంది. అయినా టేకు మొదలు, దాని కింద రాలిన ఆకులు రెండూ చిత్రంలో ఉండాలంటే ఎత్తు కావలసిందే. కనుక పెద్దాయన మాటకే ఓటు. ఫోన్‌లో చూసేవారి కోసం కావాలంటే వేరే క్రాప్ పెట్టుకోవచ్చు, ఒకే ఫైల్ రెండు పనులూ చేయనవసరం లేదు.

బాటసారి గారు గొంగడాయనను ముందుకు తేవడం గురించి అడిగారు. ఆయన మీద బ్రష్ పెట్టి బాగా నలుపు చేస్తే?

చీకటిగది (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

ఆ ఒక్క పని మాత్రం వద్దు. గొంగడి నల్ల గొర్రె బొచ్చుతో నేసినదే, చేతిలోకి తీసుకుంటే కారునలుపే. కాని ఆయన నిలబడిన చోటికి కిరణరేఖ గారు చెప్పిన కొలబద్ద 130 చూపిస్తోంది. పక్కనున్న చెట్టు 130లో ఉండగా గొంగడి 60లో ఉంటే, చూసేవారికి కారణం తెలియకపోయినా, ఎవరో కాగితం బొమ్మ కత్తిరించి అతికించారని అనిపిస్తుంది. మా రోజుల్లో ఇద్దరు అన్నదమ్ములను వేర్వేరు నెగటివ్‌ల నుండి ఒకే ప్రింట్‌లో కూర్చేటప్పుడు ఈ తప్పుతోనే దొరికిపోయేవాళ్ళం.

ఆయనను నల్లగా చేయకుండా ఆయన వెనుకనున్న మంచును పిసరంత వెలిగించండి. ఎన్‌లార్జర్ కింద అయితే తీగకు గుండ్రని అట్టముక్క కట్టి, దానిని ఆడిస్తూ ఆ చోటికి వెళ్ళే కాంతిని రెండు మూడు సెకన్లు ఆపేవాణ్ణి. మీరు పెద్ద మెత్తని బ్రష్‌తో స్టాపులో అయిదో వంతు పెంచండి చాలు. బ్రష్ అంచు ఎక్కడ మొదలైందో మీకే కనిపించకూడదు.

పాకాల బాటసారి (బుధవారం, రాత్రి 9:50)

మూడవ రూపాన్ని జతచేశాను. అట్టముక్కల పద్ధతిని నిజంగానే చేశాను. మా మరదలి పెళ్ళి పత్రికలు మిగిలినవి దొరికాయి, వాటి మీది గణపతిని కోయడానికి అత్తగారు ఒప్పుకోలేదు కనుక వెనుక అట్ట మాత్రం వాడాను.

కత్తిరింపు ఇలా తేలింది: పైన 600, ఎడమన 650, కుడివైపున 1100 పిక్సెళ్ళు పోయాయి, కింద ఏమీ తీయలేదు. మిగిలినది 4250×3400, అంటే సరిగ్గా 5:4. 12×15 ప్రింట్‌కు అంగుళానికి 283 పిక్సెళ్ళు వస్తాయి. పుట్ట పోయింది, నీలి పొరలో చాలా భాగం పోయింది. పైపట్టీని మొత్తం తీయకుండా కొంత ఉంచాను, లేకపోతే టేకు తల తెగినట్టు అనిపించింది. గొంగడాయన ఇప్పుడు ఎడమ నుండి వెడల్పులో పదింట ఏడు వంతుల దగ్గర ఉన్నాడు.

డీహేజ్ సున్నా. వైట్ బ్యాలెన్స్ 5400. నారింజ రంగు సాచురేషన్‌ను మైనస్ 12కు తగ్గించి, దాని హ్యూను (రంగు ఛాయను) కొద్దిగా పసుపు వైపు జరిపాను. అప్పుడు గాని ఆకులు పొగాకు రంగుకు రాలేదు. ఆయన వెనుక మంచును 0.2 స్టాపులు పెంచాను. గొంగడి 124 దగ్గర, పక్క చెట్టు 131 దగ్గర ఉన్నాయి. కుడివైపు వంగిన చెట్టును నిలువుగా చేయాలని చిత్రాన్ని తిప్పబోయాను, అప్పుడు టేకు వంగింది, వెంటనే మానుకున్నాను.

కిరణరేఖ (బుధవారం, రాత్రి 11:00)

ఇది పాకాలే. రెండు చిన్న విషయాలు మాత్రం చూడండి. కుడివైపు చివరి చెట్టుకూ అంచుకూ నడుమ 200 పిక్సెళ్ళే ఉన్నాయి, ప్రింట్‌లో అది ముప్పాతిక అంగుళానికి లోపే. రెండవది, మూలలు కొద్దిగా నల్లబడ్డాయి, కాని రెండు వైపులా సమానంగా లేవు. లెన్స్ విన్యెటింగ్ (లెన్స్ వల్ల మూలలు నల్లబడటం) అసలు చిత్రం మధ్యను కేంద్రంగా చేసుకొని ఉంటుంది. మీరు ఎడమ కంటే కుడివైపు ఎక్కువ కోశారు కనుక అది ఒకవైపుకు తూగింది. లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్‌తో దానిని పూర్తిగా తీసివేసి, కావాలంటే క్రాప్‌ను అనుసరించే విన్యెట్‌ను మళ్ళీ వేసుకోండి.

నిర్వాహకుడు (గురువారం, ఉదయం 9:00)

కొందరు సభ్యులు ఈ చిత్రాన్ని సలోన్ పోటీల (ఫోటో ప్రదర్శన పోటీల) ప్రకృతి విభాగానికి పంపవచ్చా అని విడిగా అడిగారు కనుక ఇక్కడే సమాధానం ఇస్తున్నాను. సలోన్లలో ఎక్కువగా పాటించే ప్రకృతి విభాగపు నిర్వచనం ప్రకారం కత్తిరింపు చేయవచ్చు, కాని క్లోన్ చేసి (పక్క భాగాన్ని నకలు తీసి పైన అతికించి) దేనినీ తొలగించరాదు. పుట్టను క్రాప్‌తో తీయడం, క్లోన్‌తో తీయడం రెండు వేర్వేరు పనులు. ప్రకృతి కథలో విడదీయరాని భాగమైతే తప్ప మనిషి ఆనవాలు కూడా ఉండరాదు. బాట, గొంగడాయన ఉన్నందున దీనిని పిక్టోరియల్ (చిత్రసౌందర్య) విభాగానికి పంపడం క్షేమం.

పాకాల బాటసారి (తరువాతి మంగళవారం, రాత్రి 8:15)

ప్రింట్ కథ కూడా చెప్పాలి. ఫైల్‌ను వాట్సాప్‌లో పంపకుండా పెన్‌డ్రైవ్‌లోనే తీసుకువెళ్ళాను, ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల ప్రమాణంలో, పూర్తి సైజులో. అయినా మొదటి ప్రింట్ చూసి గుండె జారింది. మంచు సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది, టేకు బొగ్గులా అయింది, దూరపు చెట్లు ముందుకు దూకాయి. నేను తీసివేసిన డీహేజ్‌ను ఎవరో మళ్ళీ వేసినట్టు ఉంది. ల్యాబ్ పేరు చెప్పను గాని, అక్కడి అబ్బాయిని అడిగితే, వచ్చిన ప్రతి ఫైల్‌కూ యంత్రంలో ఆటో కరెక్షన్ నడుస్తుందని, ‘డల్‌గా ఉన్న ఫోటోలు బ్రైట్ అవుతాయి సార్’ అని చెప్పాడు. పెళ్ళి ఫోటోలకు అది మేలు కావచ్చు. కరెక్షన్ ఆపి, మెరిసే కాగితానికి బదులు మ్యాట్ కాగితం మీద రెండోసారి వేయించాను, రెండో ప్రింట్‌కు కూడా డబ్బు తీసుకున్నారు. ఈసారి 130 దగ్గర ఉండవలసినవి అక్కడే ఉన్నాయి.

పన్నెండు–ముప్పైఆరు (తరువాతి మంగళవారం, రాత్రి 8:40)

ఆర్డర్ కాగితం మీద ‘నో కరెక్షన్’ అని పెద్ద అక్షరాలతో రాయించండి, నోటితో చెబితే షిఫ్ట్ మారగానే మరిచిపోతారు. అనుభవంతో చెబుతున్నాను.

చీకటిగది (తరువాతి బుధవారం, ఉదయం 6:10)

ఫ్రేమ్ కట్టించే ముందు ఒక్క విషయం. చట్రం పట్టె నాలుగు వైపులా పావు అంగుళం మింగుతుంది, మీ కుడివైపు చెట్టుకు అసలే ఎడం తక్కువ. చుట్టూ రెండు అంగుళాల తెల్లని మౌంట్ (ప్రింట్ చుట్టూ ఉండే అట్ట) పెట్టించి, మౌంట్ కిటికీని ప్రింట్ అంచు దగ్గరే కోయమనండి. గోడ మీద ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ వెలుగు పక్క నుండి పడే చోట వేలాడదీయండి. మీ మామగారిని ఈసారి అడగండి, మలుపు దగ్గరి ఆయన వచ్చేవాడా, వెళ్ళేవాడా అని. నాకు రెండు రోజులుగా తేలడం లేదు.

పాకాల బాటసారి (తరువాతి బుధవారం, రాత్రి 9:30)

అడిగాను. చూడగానే ‘వచ్చేవాడే’ అన్నారు. ఎలా తెలుసంటే, గొంగడి తల మీద నుండి తీయకుండా నిలబడ్డాడంటే గొర్లు ఇంకా వెనుక ఉన్నాయని, వాటి కోసమే ఆగాడని చెప్పారు. రా ఫైల్‌ను మళ్ళీ తెరిచి మలుపు వెనుక 185 దగ్గరి భాగాన్ని పెద్దది చేసి చూస్తున్నాను. నేల దగ్గర నాలుగైదు ముద్దలు ఉన్నాయి. పొదలో గొర్లో నాకైతే తెలియడం లేదు.